కోట గుడి, పొరుగు పలక

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను. ప్రయాణానికి ముందు నేను డాక్టరమ్మకు వచ్చిన జాబు దొంగతనంగా చదివాను.

నేను పనిచేసే విరుదునగరం ఆసుపత్రిలో ఆమె బల్ల తుడుస్తుంటే మందుల పుస్తకం కింద అది మడత విడిపోయి కనబడింది. జర్మను అచ్చక్షరాలూ చేతిరాతా రెండూ నాకు ఆమే నేర్పింది, సీసాల మీది పేర్లు చదువుకుంటానని. జాబులో రెండే వాక్యాలు. ‘అమ్మ ఇల్లు నీది కూడా, రా. నువ్వున్నన్నాళ్లు నేను మాత్రం ఆ గడప తొక్కను.’ కింద సోఫియా అని సంతకం. డాక్టరమ్మకు సోఫియా అనే అక్క ఉందని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. అక్కాచెల్లెళ్లకు మాటలు లేవని ఆ రోజు నాకొక్కదానికి తెలిసింది. జాబును ఎలా ఉన్నదాన్ని అలా పెట్టి బల్ల తుడవడం ముగించాను.

డాక్టరమ్మ పేరు హెర్తా. రుమేనియా దేశంలో ట్రాన్సిల్వేనియా అనే కొండసీమ ఆమెది. పదిహేనేళ్లుగా మా పల్లెల్లో పురుళ్లు పోస్తూ, మా ఆడవాళ్ల దగ్గర తెలుగు నేర్చుకుంది. పుస్తకాల తెలుగు కాదు, తమిళం కలిసిన మా ఇంటి తెలుగు. వరుసగా జ్వరాలొచ్చి సగానికి సగం చిక్కిపోయింది. కొన్నాళ్లు సొంత ఊళ్లో ఉండి రమ్మన్నారు. దారిలో చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. నలుగురిలో నోరు విప్పని నేను ఆ రోజు ఎలా విప్పానో తెలియదు, “నేను పోతాను” అన్నాను.

మా అవ్వ గోల పెట్టింది. “పెండ్లి కాని పిల్ల సముద్రం దాటేదా? ఊరు ఏమంటుందిరా?”

మాది కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి ఊరు. నాన్న పత్తి గోనె దులుపుతూ, “నీ కోడలికి బిడ్డ అడ్డం తిరిగిననాడు ఊరు వచ్చిందా అమ్మా? ఈయమ్మే కదా వచ్చింది” అన్నారు. అవ్వ లేచి నా పెట్టెలో వేరుశెనగ ఉండలు కట్టి పెట్టింది.

ఎనుములు

ఓడల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. వికారం తప్ప గుర్తులేదు. రైళ్లు కూడా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. క్రోన్‌స్టాట్ పట్నం దాటాక ఒక చిన్న స్టేషనులో ముసలమ్మ టోపీ నిండా నీలిరంగు రేగుపండ్లలాంటివి తెచ్చి ఐదు లెయిలంది. మన లెక్కలో రెండణాలు కూడా కాదు. ప్లము పండ్లట. అవి తింటూ గుర్రబ్బండిలో ఊరికి పోయాం.

ఆ మధ్యాహ్నం నాకు కలలాగే మిగిలింది. కొండలు మంచులో కరిగి, కరిగినచోటే మళ్లీ తేలుతున్నాయి. ఎక్కడో గంటలు వినిపిస్తున్నాయి గాని గుడి కనబడదు. దారి మలుపు తిరిగితే మంచులోంచి ఒక నల్లటి మూతి బయటికి వచ్చింది. తర్వాత కొమ్ములు. బర్రె! మేం ఎనుమంటాం. దాని వెనక ఇంకో నాలుగు. చలిదేశంలో, ప్లము చెట్ల కింద, మా ఊరి ఎనుములు అదే సోమరితనంతో నడుస్తున్నాయి. నేను బండి ఆపమన్నాను.

డాక్టరమ్మ నవ్వింది. “ఏమి అమ్మీ, ఊరి జ్ఞాపకమా? ఈటికీ పాలు పిండేటప్పుడు గారాలు ఎక్కువే.”

ఊరికి మూడు పేర్లున్నాయి. సాక్సనులు ఒకటంటారు, రుమేనియావాళ్లు ఒకటి, హంగేరీవాళ్లు ఒకటి. సాక్సనులంటే డాక్టరమ్మ వాళ్లు. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక రాజు పిలిస్తే దూరంనించి వచ్చి ఈ కొండల్లో దిగిన జర్మనులు. గుడిలో పుస్తకాల జర్మను. ఇంట్లో మాత్రం ఇంకో భాష, దాన్ని ఎవరూ చదవరు, మాట్లాడతారంతే. పట్నపు జర్మనులు వింటే నవ్వుతారట. నాకు అర్థమయ్యేది పుస్తకాల జర్మనే. వాళ్లింటి మాటల్లో పదికి ఒకటి చేతికి చిక్కేది.

“మిమ్మల్ని రాజు పిలిచినాడు. మమ్మల్ని ఎవరూ పిలవలేదు, తెలుగుసీమలో ఉండలేక అరవదేశం వచ్చినామంటుంది అవ్వ” అన్నాను.

“ఎట్ల వస్తే ఏమి? వచ్చినాక గోడ కట్టుకోవాల కదా” అంది డాక్టరమ్మ.

పెట్టెలో పెట్టె

ఆ గోడను మరునాడు చూశాను. గుడి చూపిస్తానని తీసుకుపోయింది గాని, బయటినుంచి అది గుడి కాదు, కోట. గుట్ట మీద రెండు వరసల రాతిగోడలు. బాణాలు వేయడానికి సన్నటి చీలికలు. మూలమూలకూ బురుజు. వంకర తిరిగిన చీకటి దారిలో నడిచి బయటపడితే మధ్యలో చిన్న గుడి, పెట్టెలో దాచిన పెట్టెలాగ.

శత్రువులు దండెత్తి వచ్చినప్పుడు ఊరంతా పశువులతో సహా లోపలికి చేరేదట. గోడ లోపలివైపు పావురాల గూళ్లలాగ గదులు, మెట్లు. ప్రతి తలుపు మీదా ఇంటి అంకె. ముట్టడి నెలల తరబడి సాగినా పిల్లల చదువు ఆగకూడదని గోడలోనే బడి గది కూడా కట్టారు. నేను ఆ గదిలో చాలాసేపు నిలబడ్డాను. బయట బాణాలు పడుతుంటే లోపల ఎవరో పిల్ల ఎక్కాలు చదివి ఉంటుంది. నాకు పుస్తకాలంటే ఇష్టమని ఇంట్లో ఎవరికీ పెద్దగా తెలియదు. ఆ పిల్లకు తెలిసేదనిపించింది.

ఒక బురుజు నిండా దూలాలకు పందికొవ్వు పలకలు వేలాడుతున్నాయి. వందలు. ఇప్పుడు శత్రువులు లేరు, అయినా అలవాటు పోలేదు. ఆదివారం పొద్దున గంట కొడితే ఆడవాళ్లు వచ్చి, వారానికి కావలసినంత కోసుకొని, కోసిన అంచు మీద ఇంటి ముద్ర వేసి పోతారు. ఇంకొకరు కోస్తే ముద్ర తెగిపోయి తెలిసిపోతుంది. మా కళ్లంలో జొన్నరాశి మీద బూడిద ముద్ర వేసేది ఇందుకే. కాపలా ముసలాయనకు నా జర్మనులో ఆ సంగతి చెప్పాను. ఆయన సంతోషించి ఒక ముక్క కోసి నా చేతిలో పెట్టాడు. నేను తినను. పారేస్తే ఆయన చూస్తాడు. కొంగులో కట్టుకొని ఇల్లు చేరాను. ఆ మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు.

చెప్పులు

మొదటి ఆదివారం గుడికి పోయాం. నేను అలవాటు కొద్దీ వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి నడిచాను. రాతినేల మంచుగడ్డలా ఉంది. ఆడవాళ్ల బల్లలకు వీపు ఆనించుకునే చెక్క ఉండదు. మడతలు పెట్టిన పావడాలు, వీపు మీది రంగు పట్టీలు నలిగిపోతాయని. పెళ్లి కాని పిల్లలు ముందు, తలమీద నిలువుగా నల్లటి మఖమలు టోపీలు పెట్టుకొని, వయసు వరసన. నన్ను ఎక్కడ కూర్చోబెట్టాలో వాళ్లకు తోచలేదు. మాకు ఇటు పక్కింటి కాటీ అనే ఆవిడ, ఆరుగురు పిల్లల తల్లి, నా చెయ్యి పట్టుకొని పెద్దగా అడిగింది, “పెళ్లయిందా?”

తల అడ్డంగా ఊపాను.

“ఎన్నేళ్లు?”

“ఇరవై మూడు.”

కాటీ అయ్యో అన్నట్టు చూసి, నన్ను పెళ్లికాని పిల్లల వరసలో చిట్టచివర, అందరికన్నా పెద్దదాని పక్కన కూర్చోబెట్టింది. మా ఊరి పెళ్లిళ్లలో కూడా నాకు అదే చోటు.

ప్రార్థన మధ్యలో వెనక తలుపు తెరుచుకుంది. కాపలా ముసలాయన నా చెప్పులు రెండూ పైకెత్తి పట్టుకొని, గుడి నడిమధ్యగా వచ్చి, “ఇండియా పిల్ల పారేసుకుంది” అన్నాడు. టోపీలన్నీ ఒక్కసారి కదిలాయి. డాక్టరమ్మ రుమాలు నోట్లో కుక్కుకుంది. ఆమె అలా నవ్వడం విరుదునగరంలో నేనెప్పుడూ చూడలేదు.

నవ్వుతూనే ఆమె కళ్లు ఎడమవైపు బల్లకు పోయాయి. అక్కడ నల్లబట్టల్లో ఎత్తుగా ఒకావిడ కూర్చుంది. ఆవిడ వెనక్కి తిరగలేదు. సోఫియా అని నాకు ఎవరూ చెప్పక్కరలేకపోయింది.

గోడ అవతల

సోఫియా ఉండేది అటు పక్కింట్లోనే. రెండిళ్లకూ ఒకే గోడ. మూడు వారాలు ఆవిడ కోళ్ల కేక విన్నాం, రొట్టె వాసన చూశాం. అక్కడి రొట్టె ఎనుము తలంత ఉంటుంది. మాడిన పైపొరను కర్రతో బాది రాలగొడతారు. గోడ అవతల ఆ బాదే చప్పుడు మొదలవగానే డాక్టరమ్మ చేతిలో పని ఆపి వినేది. మా ఇంటికి రొట్టె, మొక్కజొన్న సంకటి, సోపుగింజల చారు కాటీ తెచ్చిపెట్టేది. సంకటి అచ్చం మనదే, పాలు పోసుకొని తింటారు. ఆ పూట కడుపు నిండేది.

ఒకరోజు డాక్టరమ్మే చెప్పింది. “మా అమ్మ రెండేండ్లు మంచంలో ఉండినది. అక్క ఒకతే చూసినాది. నేను రాలేదు. మన పల్లెల్లో కలరా. వంద మంది. జాబు రాస్తిని, అక్క జవాబు ఇయ్యలేదు. అమ్మ పోయినాక కూడా రాలేదు నేను.”

“ఇప్పుడు పోయి అడగండి, డాక్టరమ్మా. పక్కిల్లే కదా.”

“అడగకూడదు. ఆమె వాకిలి మూసింది. కానీ శనివారం ఉండాది.” ఆమె ముఖంలో మొదటిసారి వెలుగు చూశాను. “ఆదివారం గుడిలో ప్రభువు భోజనం, రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. దానికి ముందు శనివారం వీధివీధీ కూడుకుంటుంది. ఎవరికి ఎవరి మీద కోపముండినా అక్కడ చెప్పి తీర్చుకోవాల. పిలిచినాక రానివాళ్లకు ఆదివారం భోజనం లేదు. అక్క రావాల. ఇంక పదిరోజులు.”

వాళ్లలో ప్రతి వీధీ ఒక కట్టు. దాన్ని పొరుగు అనే అంటారు. పొరుగుకు ఒక పెద్ద. ఇల్లు కట్టినా, మనిషి పోయినా, బావి తవ్వినా పొరుగంతా వస్తుంది. పిలుపు ఎలా వస్తుందో మాత్రం ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. గంట కొడతారనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం

ఆ శుక్రవారం డాక్టరమ్మకు మళ్లీ జ్వరం. దుప్పట్లు కప్పి, దీపం వెలిగించి కూర్చున్నాను. కాటీ వచ్చి తలుపు తట్టింది. చేతిలో గుండె ఆకారంలో చెక్కిన పలక, అరచేయి కన్నా కొంచెం పెద్దది, అంచులు వాడుకతో నున్నబడ్డాయి. ఆవిడ వాళ్ల భాషలో ఏదో గబగబా చెప్పి, నేను తెల్లమొహం వేస్తే, జర్మనులో మెల్లగా అంది, “ఇది పక్కింటికి. ఇప్పుడే.” పిల్లలు ఏడుస్తున్నారని పరుగెత్తింది.

అరువు తెచ్చుకున్న వంటింటి పలక అనుకున్నాను. ఇప్పుడే అంది. నిజమే. కానీ దీపం వెలిగించిన శుక్రవారం పూట మా ఇళ్లలో సామాను గడప దాటించం. ఉప్పు అడిగినా ఇవ్వం. లక్ష్మి వెళ్లిపోతుందని. మరునాడే ఈ ఇంటికి మంచి జరగాలని డాక్టరమ్మ ఎదురుచూస్తోంది. ఈ పూటా ఇంట్లోంచి వస్తువు పంపేది? పలకను పిండిపెట్టెలో, పిండి మీద పెట్టాను. ఇంట్లో ఉండాల్సినదాన్ని అక్కడే ఉంచుతాం మేము.

ఆ మాట సగమే నిజం. పక్కిల్లు సోఫియాది. ఆ తలుపు తట్టాలంటే నాకు భయం. గడప తొక్కనని రాసినావిడ గడప నేనెలా తొక్కను? శుక్రవారం నాకు దొరికిన సాకు కూడా.

పొద్దున్నే ఇచ్చేద్దామనుకున్నాను. పొద్దున డాక్టరమ్మ జ్వరం దిగి, నల్లబట్టలు నాచేత తీయించి వేసుకుని, తల దువ్వించుకుంది. నిన్న కాటీ వచ్చిపోయిందని మాత్రం చెప్పాను, ఆ సందడిలో పలక మాట మరిచిపోయాను.

మూత తెరిచిన పెట్టె

మధ్యాహ్నం పొరుగంతా గోడలోని ఆ బడి గదిలో చేరింది. పొరుగు పెద్ద మార్టిన్ తాత పువ్వులు చిత్రించిన పెట్టెను బల్ల మీద పెట్టి మూత తెరిచాడు. మూత తెరిచి ఉన్నంతసేపు ఎవరూ గొంతు పెంచకూడదు, లేచిపోకూడదు. ఇంటింటి పేరూ పిలిచాడు. ఒక్కొక్కరూ ఉన్నామన్నారు. హెర్తా ఇంటి తర్వాత ఆరిళ్ల నుంచి జవాబు లేదు. మొదటి పేరు సోఫియాది.

మార్టిన్ తాత నాకు కూడా తెలిసే జర్మనులో మెల్లగా అడిగాడు. “పలక నాకు తిరిగి రాలేదు. ఎక్కడ ఆగింది?”

“నేను హెర్తా ఇంట్లో ఇచ్చాను” అంది కాటీ.

అందరూ డాక్టరమ్మను చూశారు. ఆ చూపులకు అర్థం నాకప్పుడు తెలిసింది. పలకే పిలుపు. పలక ఆపితే తర్వాతి ఇంటిని పొరుగులోంచి తోసేసినట్టు. అక్క రాకూడదని చెల్లెలు పలక ఆపిందని వాళ్లనుకుంటున్నారు.

డాక్టరమ్మ మార్టిన్ తాత వైపు తిరిగింది. “నా చేతికి రాలేదు” అంది.

లేచి నిలబడ్డాను. చెప్పాలనుకున్న జర్మనంతా ఎటో పోయింది. “నేను” అన్నాను. అంతే వచ్చింది. మూత తెరిచి ఉండగానే పరుగెత్తాను.

ఆరిళ్లు

పిండి దులపకుండానే పలక పట్టుకొని పక్కింటి వాకిట్లో నిలబడ్డాను. సోఫియా మెట్టు మీద కూర్చుని ఉంది. మడతల పావడా, వెండి పట్టీ, తలగుడ్డ, అన్నీ గుడికి పోయే ముస్తాబే. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఎప్పటినుంచి అలా కూర్చుందో గాని, కోళ్లు ఆమె పాదాల చుట్టూ భయం లేకుండా తిరుగుతున్నాయి.

ఆవిడ వద్దామనే అనుకుంది. రమ్మనే పలక కోసం కూర్చుంది.

పలక చాపాను. తీసుకోలేదు. జర్మనులో అడిగింది. “నా చెల్లెలు ఇప్పుడు పంపిందా?”

“ఆమెకు తెలియదు. నిన్న నా చేతికి వచ్చింది. నిన్న శుక్రవారం. దీపం పెట్టాక మేం ఇంట్లోంచి ఏదీ ఇవ్వం. లక్ష్మి వెళ్లిపోతుంది.”

“ఎవరావిడ?”

“ఇంట్లో ధాన్యం నిలిపే దేవత.”

సోఫియా పలక మీది పిండిని చూసింది. “పక్కింట్లోకి వస్తే ఆవిడకేమిటి నష్టం?”

పలకను ఇంకొంచెం ముందుకు చాపాను.

“నిజం చెప్పు. నన్ను చూసి భయపడ్డావు.”

“అవును.”

“ఎందుకు? నువ్వు నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదే?”

తల దించుకున్నాను. జాబు సంగతి ఆవిడకూ చెప్పలేదు. ఆవిడ పలక అందుకుని, పావడా అంచుతో పిండి తుడిచింది. లేస్తే నాకన్నా మూరెడు ఎత్తు.

నేను గుడివైపు తిరిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకొని రెండోవైపు తిప్పింది. “పలక నా దగ్గర ఆగకూడదు. ఇంకా ఐదిళ్లున్నాయి. ఆపినది నువ్వు కదా, ప్రతి గడపలో నువ్వే చెప్పు.”

అన్ని గడపల్లోనూ చెప్పాను. రెండో ఇంట్లో తాత చెవిటివాడు, లక్ష్మి సంగతి మూడుసార్లు అరవాల్సి వచ్చింది. నాలుగో ఇంటావిడ నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుంది. చివరింటివాళ్లు అప్పటికే అలిగి పొలానికి పోతుంటే బండి ఆపించాం. పుట్టి బుద్ధెరిగాక నేను అంత మాట్లాడింది లేదు. అందరూ ఉన్న బట్టల్లోనే మా వెనక నడిచారు. మంచు మళ్లీ దిగుతోంది. వీధి కనబడదు, బూట్ల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. సోఫియా చెయ్యి నా భుజం మీద బరువుగా ఉంది.

బడి గదిలో ఎవరూ లేవలేదు. పెట్టె మూత ఇంకా తెరిచే ఉంది. మార్టిన్ తాత పలక అందుకొని పెట్టెలో పెట్టాడు. మళ్లీ మొదటినుంచి పేర్లు పిలిచాడు. “సోఫియా” అన్నప్పుడు ఆవిడ ఉన్నానంది.

“ఎవరి మీదైనా కోపముందా?”

“ఉంది” అంది సోఫియా. గది చివరిదాకా నడిచి డాక్టరమ్మ ముందు నిలబడింది.

ఆపైన ఇద్దరూ వాళ్లింటి భాషలో మాట్లాడుకున్నారు. చాలాసేపు. గొంతులు పెరగలేదు. ‘అమ్మ’ అన్న మాట పట్టుకోగలిగాను, మరొక మాట ‘ఒంటరిగా’. మిగతాది నాకు దక్కలేదు. ఒకచోట డాక్టరమ్మ కింద కూలబడబోతే సోఫియా రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత వదలలేదు.

మరునాడు గుడిలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. సోమవారం పొద్దున సోఫియా రొట్టె ఎత్తుకొని మా గడప దాటి వచ్చింది. కర్ర నా చేతికిచ్చి బాదమంది. నేను బాదిన తీరు చూసి, “ఈ పిల్ల రొట్టెను కొడుతోందా, బుజ్జగిస్తోందా?” అంది.

బండి దగ్గర

డాక్టరమ్మ నాతో తిరిగి రాలేదు. జ్వరాలకు దెబ్బతిన్న ఆ గుండెతో మళ్లీ మన ఎండలకు పోకూడదని పట్నపు వైద్యుడు అన్నాడు. ఆయన అనకపోయినా సోఫియా పంపేది కాదు. కొలంబోకు పోయే ఇద్దరు దొరసానుల తోడు దొరికింది.

బండి దగ్గరికి వీధంతా వచ్చింది. కాటీ నా ఒళ్లో ఎండబెట్టిన ప్లము పండ్ల మూట పెట్టి, మళ్లీ వచ్చేసరికి మొగుణ్ణి తీసుకురమ్మంది. మార్టిన్ తాత నేనిచ్చిన కోవిల్‌పట్టి అగ్గిపెట్టెను అందరికీ చూపిస్తున్నాడు, పుల్ల గీయడానికి మాత్రం ఒప్పుకోవడం లేదు. సోఫియా గుర్రం కళ్లెం పట్టుకొని నిలబడింది, వదిలితే నేను పోతానన్నట్టు.

డాక్టరమ్మ శాలువా కప్పుకొని మెల్లగా వచ్చింది. నేను పాదాలకు వంగబోతే పట్టుకుని లేపింది. చుట్టూ ఎవరికీ అర్థంకాని మా ఇంటి మాటల్లో, తడబడకుండా అంది:

“ఊరు చేరినాక జాబు రాయి, అమ్మీ. మన తెలుగులోనే రాయి, తప్పులుండినా సరే. అది మాట్లాడేదానికి ఈడ నాకు ఇంక మనిషి లేదు.”